కట్ట కింద ఊళ్ళు

కోయలో, గోండిలో నీళ్ళను మనం 'ఏరు' అంటాం. తెలుగువాళ్ళకు ఏరు అంటే పారే వాగు. నీళ్ళనే మాటకూ పారడమనే మాటకూ ఇంత దగ్గర చుట్టరికం ఉంది. కొమురం భీమ్‌ను తలచుకుని జల్, జంగల్, జమీన్ అని నినదిస్తాం. జంగల్ గురించి చాలా రాసుకున్నాం. పోడు గురించి, అటవీ హక్కుల గురించి మన పిల్లలు కూడా మాట్లాడగలరు. జమీన్ గురించి 1/70 చట్టం దగ్గర్నుంచి ఎన్నో సభలు పెట్టుకున్నాం. జల్ అనే మొదటి మాట గురించి రాసుకున్నది తక్కువ. రాసినా పోలవరం లాంటి పెద్ద మునకల గురించే ఎక్కువ రాశాం.

ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్నది వేరే నీటి గురించి. మన ఊరికి ఎగువన, గుట్టల నడుమ, ఎప్పుడో కట్టిన మట్టికట్ట వెనక నిలిచిన నీళ్ళ గురించి. ఆ కట్టకు కాపలా ఎవరు? పాతకాలంలో ఎవరు కాశారు, ఇప్పుడు ఎవరు కాయాలి, ఆ కాపలాలో మన మాటకు చోటెక్కడ? ఈ ప్రశ్నలు వేసుకోవడానికి 2024 జూలైలో తెగిన ఒక కట్ట దగ్గర మొదలుపెడదాం.

పెద్దవాగు రాత్రి

భద్రాద్రి కొత్తగూడెం జిల్లా అశ్వారావుపేట మండలంలో గుమ్మడవల్లి దగ్గర పెద్దవాగు ప్రాజెక్టు ఉంది. ఉమ్మడి రాష్ట్రం రోజుల్లో వాగుకు అడ్డంగా మట్టికట్ట పోసి, నీళ్ళు వదలడానికి మూడు గేట్లు పెట్టి కట్టిన మధ్యతరహా ప్రాజెక్టు అది. నాగార్జునసాగర్, శ్రీశైలం పక్కన పెడితే చాలా చిన్నది. సుమారు 16 వేల ఎకరాల ఆయకట్టు. వాగు అక్కడి నుంచి కిందికి పారి వేలేరుపాడు, కుక్కునూరు ప్రాంతం మీదుగా గోదావరిలో కలుస్తుంది. దారి పొడవునా కోయ గూడేలు, కొండరెడ్ల ఊళ్ళు, ఇతరుల పల్లెలు ఉన్నాయి.

2014లో రాష్ట్రం రెండుగా విడిపోయింది. పోలవరం మునక కోసం వేలేరుపాడు, కుక్కునూరుతో సహా ఖమ్మం జిల్లా మండలాలు కొన్ని ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. దాంతో కట్ట తెలంగాణలో మిగిలింది, ఆయకట్టులో ఎక్కువ భాగం ఆంధ్రకు పోయింది. వరద వస్తే మునిగే ఊళ్ళలో చాలావరకు కూడా ఆంధ్రలోకే వెళ్ళాయి. ఖర్చును ఆయకట్టు ప్రకారం 85:15 పాళ్ళలో పంచుకోవాలి. అందులో పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌ది. 2021లో కేంద్రం నదీ బోర్డుల పరిధి మీద గెజిట్ ఇచ్చాక, గోదావరి బోర్డుకు అప్పగించడానికి రెండు రాష్ట్రాలూ ఒప్పుకున్న ప్రాజెక్టు కూడా ఇదే. కాగితం మీద చూస్తే ఇద్దరు యజమానులు, పైన ఒక బోర్డు. మన ఊళ్ళలో ఒక మాట ఉంది: ఇద్దరిదీ అయిన ఎద్దుకు మేత ఉండదు.

2024 జూలై 18న ఆ ప్రాంతమంతా కుండపోత వాన కురిసింది. వాగు పొంగి ప్రాజెక్టులోకి వచ్చిన నీరు, గేట్ల నుంచి పోగలిగిన నీటిని మించిపోయింది. మూడు గేట్లలో ఒకటి సమయానికి లేవలేదని అప్పటి పత్రికలు రాశాయి. పొలం పనులకు వెళ్ళి వరద మధ్య చిక్కుకున్న కూలీలను హెలికాప్టర్లతో బయటికి తేవాల్సి వచ్చింది. రాత్రికి నీళ్ళు కట్ట మీదుగా పొర్లాయి. మట్టికట్ట కోసుకుపోయి గండి పడింది. కింద పొలాలు ఇసుక మేట వేశాయి, రోడ్లు తెగాయి, పశువులు కొట్టుకుపోయాయి, ఇళ్ళలో గింజలు తడిసిపోయాయి.

గోదావరి వరద మనవాళ్ళకు కొత్త కాదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరిన సంగతి ముసలివాళ్ళు ఇప్పటికీ చెబుతారు. 2022 జూలైలో 71 అడుగులు దాటింది. అయితే గోదావరి వస్తున్నానని చెప్పి వస్తుంది. భద్రాచలం దగ్గర 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది ఇస్తారు. మూట కట్టుకోవడానికి, మేకలను గుట్టెక్కించడానికి పూట సమయం దొరుకుతుంది. కట్ట తెగిన వాగుకు అలాంటి కొలబద్ద లేదు. పొద్దున మోకాలి లోతు ఉన్న వాగు రాత్రికి ఇంటి గడప దాటుతుంది. నది వరదకూ కట్ట తెగిన వరదకూ ఉన్న ఈ తేడా ముందుగా మన పిల్లలకు తెలియాలి.

నీరటి, అలుగు, కట్టమైసమ్మ

కట్టలు మన ప్రాంతానికి కొత్తగా వచ్చినవి కావు. 13వ శతాబ్దంలో, కాకతీయుల కాలంలో పాకాల, రామప్ప, లక్నవరం చెరువులు కట్టారు. గుట్టల మధ్య సందును మట్టికట్టతో మూసి, వాన నీటిని నిలిపిన చెరువులవి. ఇప్పటికీ ఆ చెరువుల చుట్టూ అడవుల్లో కోయ గూడేలు ఉన్నాయి. ఏడెనిమిది వందల ఏళ్ళు మట్టికట్ట ఎలా నిలిచింది? రాజుల గొప్పతనం గురించి పాఠ్యపుస్తకాలు చెబుతాయి. మట్టి నిలవడానికి రాజు ఒక్కడు చాలడు. ఏటేటా మట్టి పోసినవాళ్ళు, తూము చూసినవాళ్ళు, వాన రాత్రి కట్ట మీద గొంగడి కప్పుకుని కూర్చున్నవాళ్ళు ఉండాలి.

పాత చెరువుల ఏర్పాటులో మూడు సంగతులు గమనించాలి. మొదటిది అలుగు. తెలంగాణలో మత్తడి అంటాం. చెరువు నిండాక మిగిలిన నీళ్ళు తమంతట తామే పొర్లిపోయే చోటు అది. కుదిరిన చోటల్లా రాతి నేల మీద పెట్టారు. అలుగుకు తాళం లేదు, కరెంటు అక్కర్లేదు, అధికారి సంతకం అక్కర్లేదు. మట్టికట్ట మీదుగా నీళ్ళు పారితే అది నిలవదని మన పూర్వులకు తెలుసు. అందుకే కట్ట కన్నా అలుగు కిందికి ఉండేట్టు చూసుకున్నారు.

రెండోది నీరటి. తూము తీయడం, మూయడం, కట్టకు బుంగ పడిందేమో చూడడం, వాన పడ్డప్పుడు ఊరికి కబురు చేయడం నీరటి పని. కళ్ళంలో ధాన్యం కొలిచేటప్పుడు ఆయనకూ ఒక పాలు కొలిచేవారు. చెరువు కట్టినవారికి, బాగుచేసినవారికి దశబంధం పేరుతో మాన్యం ఇచ్చినట్టు శాసనాలు చెబుతున్నాయి. కాపలాకు కూలి ఉండేది. ఆ కూలి పంటలోంచే వచ్చేది.

మూడోది కట్టమైసమ్మ. కట్ట మీద ఆమె గద్దె ఉంటుంది. ఏటా కొలుపు చేసేటప్పుడు ఊరంతా కట్ట మీద నడుస్తుంది. ఎక్కడ మట్టి జారింది, ఎక్కడ చెట్టు మొలిచింది, ఎక్కడ పందికొక్కు తవ్వింది అన్నది ఆ నడకలో అందరి కళ్ళా పడుతుంది. కొలుపు కట్టను చూసుకునే పని కూడా చేసింది.

ఇదంతా బంగారు కాలమని మేము చెప్పడం లేదు. నీరటి పని చేసినవారు ఎక్కువగా దళిత కుటుంబాలవారు. కట్టకు మట్టి మోసిన వాళ్ళలో వెట్టికి పట్టుకొచ్చిన వాళ్ళు ఎందరో. కోస్తా జిల్లాలున్న మద్రాసు రాజధానిలో 1858లో ఒక చట్టం చేసి, కట్టలకు గండి పడే ప్రమాదం వస్తే ఊరివాళ్ళు పనికి రావలసిందేనని శాసించారు. నిజాం ఏలుబడిలో చట్టం అవసరమే లేకపోయింది, దొర మాట చాలింది. వెట్టి పోవలసిందే, పోయింది. దాంతో పాటు కట్టను చూసుకునే అలవాటు కూడా పోయింది. వెట్టి స్థానంలో కూలి ఇచ్చి మనుషుల్ని పెట్టాల్సింది. చాలా చోట్ల అది జరగలేదు. నీరటి గ్రామ సేవకుల లెక్కలో చేరి, తూము దగ్గరి నుంచి కచేరీ పనులకు మళ్ళాడు.

కడెం చెప్పిన పాఠం

స్వాతంత్ర్యం వచ్చాక వాగుల మీద గేట్ల డ్యాములు లేచాయి. గోండులు, కోలాములు, నాయకపోడులు ఉన్న ఆదిలాబాద్ అడవుల నుంచి దిగివచ్చే కడెం వాగు మీద ఒక ప్రాజెక్టు కట్టారు. 1958 ఆగస్టులో, కట్టిన కొత్తలోనే, లెక్క వేసినదాని కంటే పెద్ద వరద వచ్చి కట్ట మీదుగా పొర్లింది. కట్ట తెగింది. తర్వాత దాన్ని మళ్ళీ కట్టి 18 గేట్లతో నిలబెట్టారు.

2022 జూలైలో అదే కడెంకు 5 లక్షల క్యూసెక్కులు వచ్చిపడ్డాయి. గేట్లన్నీ కలిపి వదలగలిగింది సుమారు 3 లక్షలు. ఒక గేటు లేవలేదు. నీళ్ళు గేట్ల మీదుగా దూకాయి. దిగువ ఊళ్ళను ఖాళీ చేయించారు. డ్యామ్ నిలిచింది. 2023 జూలైలో మళ్ళీ వరద వచ్చినప్పుడు కూడా కొన్ని గేట్లు లేవలేదు. రెండేళ్ళూ ఆ కింద ఊళ్ళవాళ్ళు ప్రాణాలు అరచేత పట్టుకుని ఉన్నారు.

అలుగుకూ గేటుకూ ఉన్న తేడా ఇక్కడ తెలుస్తుంది. గేటు ఉంటే ఎక్కువ నీళ్ళు నిలుపుకోవచ్చు, కావలసినప్పుడు వదలొచ్చు. అయితే గేటుకు గ్రీజు పెట్టాలి, తాళ్ళు మార్చాలి, తుప్పు గీకాలి, మోటారు నడుస్తుందో లేదో చూడాలి, కరెంటు పోతే జనరేటర్ ఉండాలి, దాంట్లో డీజిల్ ఉండాలి, అర్ధరాత్రి నడపడానికి మనిషి ఉండాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా వరద రోజున గేటు ఉన్నా లేనట్టే. చిన్న ప్రాజెక్టుల్లో మొదట కోత పడేది ఈ ఖర్చుకే. కొత్త ప్రాజెక్టుకు శంకుస్థాపన రాయి ఉంటుంది. గ్రీజు పెట్టినదానికి ఎవరూ రాయి వేయరు.

ఇంకో తగువు కూడా ఉంది. ఆయకట్టు రైతుకు జలాశయం నిండుగా ఉండాలి. కింది ఊరికి వానాకాలంలో అందులో కొంత ఖాళీ ఉండాలి. ఖాళీ ఉంటేనే అది వరదను కాసేపు పట్టి ఉంచగలదు. నిండుకుండలో పడ్డ వాన నేరుగా కిందికే వస్తుంది. జూలైలో ఎంత నింపాలి, ఎంత ఖాళీ ఉంచాలి అన్న నిర్ణయం మన ప్రాణాలకు సంబంధించినది. ఆ నిర్ణయం చేసేటప్పుడు కింది ఊళ్ళవారిని అడగాలి.

కట్ట ఎలా తెగుతుంది

మట్టికట్ట చెప్పకుండా తెగడం అరుదు. ముందు కొన్ని గుర్తులు చూపిస్తుంది. బడిపిల్లలకు కూడా అర్థమయ్యే గుర్తులే అవి.

కట్ట వెనక వాలులో చెమ్మ ఉండడం మామూలే. తేటనీరు సన్నగా ఊరితే చూస్తూ ఉండాలి. ఆ నీరు మురికిగా, మట్టిరంగుతో వస్తే లోపల మట్టి కొట్టుకుపోతోందని అర్థం. దాన్నే బుంగ అంటాం. చిటికెనవేలంత బుంగ కొన్ని గంటల్లో గండి కాగలదు. కట్ట అడుగున నేల నుంచి నీళ్ళు ఇసుకతో ఉబికి వస్తే అదీ ప్రమాదమే. అప్పుడు ఊటను మూసేయకూడదు. చుట్టూ ఇసుక బస్తాలు గుండ్రంగా పేర్చి నీటిమట్టం పెరగనివ్వాలి. అప్పుడు లోపలి ఒత్తిడికి ఎదురు నిలుస్తుంది, మట్టి కొట్టుకుపోవడం తగ్గుతుంది. వెంటనే ఇంజనీరుకు కబురు చేయాలి.

కట్ట మీద గడ్డి మంచిది. వాన దెబ్బకు మట్టి జారకుండా పట్టుకుంటుంది. చెట్టు మంచిది కాదు. చెట్టు చచ్చాక వేరు కుళ్ళి నీటికి దారవుతుంది. సర్కారు తుమ్మ కట్టల మీద ఎంత దట్టంగా పెరుగుతుందో మనకు తెలుసు. ఆ పొదల్లో పందికొక్కులు, ఎలుకలు, ఎండ్రకాయలు బొరియలు చేస్తాయి. పొద ఉంటే బొరియ కనపడదు. కట్ట మీద పొడవునా పగులు వచ్చినా, ఒకచోట కుంగినా ఆ చోట వాలు జారబోతోందని అనుకోవాలి. కుంగిన చోటే వరద మొదట పొర్లుతుంది. అలుగు ముందు పూడిక పేరుకున్నా, చేపల కోసం వలలూ తడికలూ అడ్డం కట్టినా, అర అడుగు నీళ్ళ కోసం అలుగు మీద బస్తాలు వేసినా కట్టకే చేటు. ఈ చివరి తప్పు మనమూ చేస్తున్నాం. ఒప్పుకోవాలి.

మహారాష్ట్రలో రత్నగిరి జిల్లా తివరే దగ్గర చిన్న మట్టి డ్యామ్ ఉండేది. అది కారుతోందని ఊరివాళ్ళు ముందే చెప్పారు. 2019 జూలై 2 రాత్రి అది తెగింది. ఇరవై మంది వరకు పోయారు. ఎండ్రకాయలు కట్టను తొలిచాయని అప్పటి మంత్రి ఒకరు అన్నారు. దేశమంతా నవ్వింది. మాకు నవ్వు రాలేదు. ఎండ్రకాయ తొలుస్తుంది, అది దాని గుణం. ఆ బొరియను వానాకాలానికి ముందే చూసి మూయడానికి మనిషిని పెట్టడమే కదా కట్ట కాపలా అంటే. ఊరివాళ్ళు చెప్పినప్పుడు వినడమూ ఆ కాపలాలో భాగమే.

చట్టం ఎవరిని లెక్కలోకి తీసుకుంది

ఇప్పుడున్న చట్టాలలో మన చోటు ఎక్కడో చూద్దాం.

1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో నీటి సంఘాల చట్టం వచ్చింది. ఆయకట్టు రైతులు ఓటు వేసి సంఘాన్ని ఎన్నుకుంటారు, కాలువలూ తూములూ చూసుకుంటారు. మంచి ఆలోచనే. అయితే ఓటు ఆయకట్టులో భూమి ఉన్నవాడిది. కట్ట కింద వాగు ఒడ్డున గుడిసె ఉండి, కాలువ నీళ్ళు అందని మెట్ట చెలకలో కంది వేసుకునేవాడికి ఆ సంఘంలో ఓటు లేదు. కట్ట తెగితే మొదట మునిగేది మాత్రం అతని గుడిసే. నీళ్ళు వాడుకునేవాడు లెక్కలోకి వచ్చాడు, నీళ్ళు మీదపడేవాడు రాలేదు. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఈ రెండోవాడు చాలాసార్లు ఆదివాసీయే.

2021లో ఆనకట్టల భద్రత చట్టం వచ్చింది. 15 మీటర్ల కంటే ఎత్తైన డ్యాములకు, 10 నుంచి 15 మీటర్ల మధ్య ఉండి పొడవు, నిల్వ, వరద వంటి షరతులకు సరిపోయే వాటికి ఇది వర్తిస్తుంది. వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తనిఖీ చేయాలి. మరమ్మతులకు విడిగా డబ్బు కేటాయించాలి. ప్రమాదం వస్తే ఎవరిని ఎలా తరలించాలో అత్యవసర ప్రణాళిక ఉండాలి. ఇవన్నీ ఆ చట్టంలో ఉన్నాయి. మన గూడేల పైనున్న కుంటలు, చెరువులు, చెక్‌డ్యాములు చాలావరకు ఈ కొలతలోకి రావు. ఒకటి ఐటీడీఏ నిధులతో కట్టింది, ఒకటి ఉపాధి హామీలో తవ్వింది, ఒకటి నీటిపారుదల శాఖది, ఇంకొకటి అడవిలో ఉంది. తెలంగాణలో 2015 నుంచి మిషన్ కాకతీయ కింద చాలా చెరువుల పూడిక తీశారు, కట్టలు బలపరిచారు. అది మేలే చేసింది. అయితే పూడికతీత ఒకసారి చేసే పని. కట్ట కాపలా ఏటా చేసే పని.

మూడో చట్టం మనది. 1996లో వచ్చిన పెసా. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల ప్రణాళిక, నిర్వహణ తగిన స్థాయి పంచాయతీలకు అప్పగించాలని అది చెబుతుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో దీనికి నియమాలు కూడా వచ్చాయి. ఇసుక గురించి, అటవీ ఫలసాయం గురించి పెసాను ఎత్తి చూపే మనం, మన కుంట కట్ట గురించి గ్రామసభలో తీర్మానం పెట్టిన సందర్భాలు తక్కువ. హక్కుగా రాసి ఉన్నదాన్ని వాడుకోకపోవడం మన వైపు లోపం. పెద్దవాగు లాంటి ప్రాజెక్టు చిన్న నీటి వనరు కిందికి రాదు. అయినా తనిఖీ నివేదిక చూపమని, హెచ్చరిక సైరన్ పెట్టమని, గేట్లు తీసేముందు చాటింపు వేయమని గ్రామసభ తీర్మానం చేయొచ్చు. సమాచార హక్కు కింద కాగితాలు అడగొచ్చు. రెండు రాష్ట్రాల మధ్య ఉన్న వాగుకు రెండు వైపులా గ్రామసభలు ఒకే తీర్మానం చేసి పంపితే బాధ్యతను అటూ ఇటూ తోసేయడం కష్టమవుతుంది. సరిహద్దు గీత 2014లో వచ్చింది. వాగూ చుట్టరికాలూ అంతకు ముందు నుంచీ ఉన్నాయి.

బడి నుంచి కట్ట దాకా

ఈ పుస్తకం చదివే పంతుళ్ళకు, కాలేజీలో చదువుతున్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు మేము అడిగేది పెద్ద పని కాదు. ఏటా మృగశిర కార్తెకు ముందు, విత్తనాల పండుగ అయ్యాక, ఊరి పెద్దలతో కలిసి ఒకసారి కట్ట మీద నడవండి. ఒక నోటుపుస్తకం పెట్టండి. కట్ట ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు, ఇంతకు ముందు ఎప్పుడైనా గండి పడిందా అని ముసలివాళ్ళను అడిగి మొదటి పేజీలో రాయండి. అదే మీ ఊరి నీళ్ళ చరిత్ర. ఎవరూ రాయలేదు గనుక మీరే రాయాలి. తర్వాతి పేజీల్లో తూము, అలుగు, చెమ్మ, పగులు, బొరియ, చెట్లు ఎక్కడున్నాయో తేదీ వేసి రాయండి, ఫోన్‌తో ఫొటో తీయండి. తిరిగి దసరా తర్వాత ఇంకోసారి నడవండి. రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే ఏం మారిందో కళ్ళకు కడుతుంది. ఆ పుస్తకం నకలు గ్రామసభ ముందు పెట్టండి. ఇంజనీరుకు అర్జీ ఇస్తే రసీదు తీసుకోండి.

ఒక జాగ్రత్త. పిల్లలను ఎండాకాలంలో పెద్దల తోడుగా తీసుకువెళ్ళండి. వరద రోజున కట్ట మీదికి పంపకండి. వరద రోజున చేయాల్సింది ముందే తేల్చుకోవాలి: ఏ గుట్ట ఎక్కాలి, ముసలివాళ్ళను, గర్భిణులను ఎవరు తీసుకెళ్ళాలి, డప్పు ఎవరు కొట్టాలి, ఎగువ ఊరి నుంచి ఎవరు ఫోన్ చేయాలి. సిగ్నల్ లేని గూడేలకు మనిషి పరుగెత్తి పోవాలి. ఆ మనిషి పేరు కూడా ఆ నోటుపుస్తకంలో ఉండాలి.

కట్ట కాపలా ఊచిత పని కాకూడదు. నీరటికి కళ్ళంలో పాలు కొలిచినట్టే, ఈ రోజు కట్ట చూసే మనిషికి నెలనెలా జీతం ఉండాలి. ఆ ఉద్యోగం కట్ట కింద ఉన్న ఊరివాళ్ళకే రావాలి. ఆ కట్ట ఎలా ఉందో రాత్రిపూట నిద్ర పట్టక ఆలోచించేది వాళ్ళే. మన గ్రామసభలు ముందుగా అడగవలసిన కోరిక ఇది.

పెద్దవాగు తెగిన తర్వాత ఇసుక మేట వేసిన పొలాల్లో మనవాళ్ళు తట్టలతో ఇసుక ఎత్తారు. మళ్ళీ విత్తారు. మనకు అలవాటైన పని అది. ఇసుక ఎత్తడానికి చూపిన ఓపికలో కొంచెం ఇసుక రాకముందే కట్ట మీద చూపిద్దాం. జల్ అనే మాట నినాదంలో ముందుంది. మన పనుల పట్టికలోనూ దానికి ముందు చోటే ఇద్దాం.